గుండెలో పెట్టిన మెషిన్ ఏ దడ ఏదో ఎలా పోల్చుకుంటుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

డివైస్ చెకింగ్‌కి వచ్చేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు అటూ ఇటూగా ఇవే. చాలామంది ఒకసారి షాక్ తిన్నాక అడుగుతారు, భయంతో అడుగుతారు. అప్పటికప్పుడు చెప్పిన జవాబు ఆ కంగారులో సగం చెవికెక్కదు. అందుకే ఇక్కడ రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు, ముందువి చదవాల్సిన పని లేదు.

## పెట్టించుకునే ముందు

పేస్‌మేకర్, ఐసీడీ, లూప్ రికార్డర్ మూడూ ఒకటేనా?

కాదు. పేస్‌మేకర్ గుండె మరీ నెమ్మదించినప్పుడు సన్నని కరెంటు ఇచ్చి నడిపిస్తుంది. ఐసీడీ ప్రాణం మీదికి తెచ్చే వేగాన్ని ఆపుతుంది, అవసరమైతే షాక్ ఇస్తుంది. మామూలు ఐసీడీలో పేస్‌మేకర్ పని కూడా కలిసే ఉంటుంది. లూప్ రికార్డర్ ఏ చికిత్సా చెయ్యదు. ఛాతీ చర్మం కింద ఉండి గుండె లయను రాసుకుంటుంది, అంతే.

మూడింటికీ లయను గుర్తుపట్టక తప్పదు. తప్పు జరిగితే మాత్రం ఫలితం ఒకేలా ఉండదు. లూప్ రికార్డర్ పొరబడితే ఒక తప్పుడు రిపోర్టు వస్తుంది. ఐసీడీ పొరబడితే మెలకువగా ఉన్న మనిషికి షాక్ తగులుతుంది, లేదా తగలాల్సినవాడికి తగలదు.

గుండె వేగంగా కొట్టుకుంటే చాలు, ప్రమాదమేనా?

వేగం ఎక్కడ పుట్టిందన్నదే అసలు సంగతి. గుండెకి పైన రెండు గదులు, కింద రెండు గదులు. పై వాటిని కర్ణికలు, కింది వాటిని జఠరికలు అంటారు. ఒంటికంతా రక్తాన్ని నెట్టేవి కింది గదులు. దడ పైన పుడితే దాన్ని ఎస్‌వీటీ అంటారు. పరుగెత్తినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, భయపడినప్పుడు పెరిగే మామూలు వేగం కూడా పైనుంచి వచ్చేదే. ఇవి ఇబ్బంది పెట్టొచ్చు కానీ చాలావరకు అప్పటికప్పుడు ప్రాణం తీయవు. కింద పుడితే వీటీ. అది ఇంకా చెదిరి, కింది గదులు కొట్టుకోవడం మానేసి వణకడం మొదలుపెడితే వీఎఫ్. వీఎఫ్‌లో రక్తం ముందుకు కదలదు, కొన్ని సెకన్లలో మనిషి స్పృహ తప్పుతాడు.

ఐసీడీ పెట్టేది వీటీ, వీఎఫ్‌ల కోసం. ఎస్‌వీటీకి షాక్ ఇస్తే దాన్ని అనవసర షాక్ కిందే లెక్కిస్తాం.

లోపలున్న మెషిన్‌కి నా గుండె కనిపిస్తుందా?

కనిపించదు. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే దాని తీరు సులువుగా అర్థమవుతుంది. మీరు నిలబడ్డారా, పడుకున్నారా, బీపీ ఎంత, కళ్లు తిరుగుతున్నాయా, ఇవేవీ చూసి అది నిర్ణయం తీసుకోదు. దానికి చేరేది లీడ్ అనే వైరు కొసన తగిలే విద్యుత్ అల ఒక్కటే. అల వచ్చిన ప్రతిసారీ ఒక గుర్తు పెట్టుకుంటుంది. గుర్తుకీ గుర్తుకీ మధ్య ఎడం ఎన్ని మిల్లీసెకన్లో లెక్కపెడుతుంది. 60,000ని ఆ అంకెతో భాగిస్తే నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో తెలుస్తుంది. ఎడం 850 అయితే సుమారు 70, 300 అయితే 200.

ఇంకో అలను కూడా అది చూడగలదు. షాక్ ఇచ్చే తీగచుట్టకీ ఛాతీలో ఉన్న డబ్బాకీ మధ్య కొలిచే అల అది. కొసన పట్టే అల చెవి దగ్గర గుసగుస లాంటిదైతే, ఇది గది మొత్తం సద్దు లాంటిది. సమయం లెక్కకి మొదటిది, ఆకారం పోల్చడానికి ఎక్కువగా రెండోది పనికొస్తాయి.

ఈ ఐసీడీ ఎప్పటినుంచి ఉంది?

మనిషికి మొదటిసారి పెట్టింది 1980 ఫిబ్రవరి 4న, అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో. దీని వెనక ఉన్న డాక్టరు మిషెల్ మిరోవ్‌స్కీ. 1966లో ఆయన గురువు హ్యారీ హెల్లర్ గుండె లయ తప్పి చనిపోయారు. ఆసుపత్రిలోనే కట్టిపడేయకుండా మనిషిని ఎలా కాపాడాలన్న ఆలోచన అక్కడ మొదలైంది. మోర్టన్ మోవర్ ఆయనతో కలిసి పనిచేశారు. అమెరికా ప్రభుత్వ అనుమతి 1985లో వచ్చింది.

ఆ తొలి యంత్రం వేగాన్ని లెక్కపెట్టడం కన్నా అల ఆకారాన్నే నమ్ముకుంది. మామూలు గుండెలో రెండు దెబ్బల మధ్య అల చాలాసేపు నేలబారుగా ఉంటుంది. వీఎఫ్‌లో అల నేలను తాకీ తాకనట్టు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. నేల మీద ఎంతసేపు నిలిచిందన్నదే దాని పరీక్ష. వేగం లెక్క తర్వాత ముందుకొచ్చింది. ఇప్పటి మెషిన్లు రెండూ కలిపి వాడతాయి.

## మెషిన్ లెక్క ఎలా వేస్తుంది

మొట్టమొదట చూసేది ఏమిటి?

వేగం. డాక్టరు ముందే గీతలు గీసి పెడతారు. వాటిని జోన్లు అంటాం. ఈ వేగం దాటితే వీటీ జోన్, ఇంకా పైకి పోతే వీఎఫ్ జోన్. అందరికీ ఒకటే అంకె ఉండదు.

దాటగానే షాక్ ఇవ్వదు. ఇన్ని దెబ్బల్లో ఇన్ని వేగంగా ఉండాలి అని ఇంకో లెక్క ఉంటుంది. ఒకప్పుడు వీఎఫ్‌కి ఎక్కువగా వాడింది 24లో 18. ఇప్పుడు 40లో 30 దాకా ఆగనిస్తారు. అన్నీ వరసగా వేగంగా ఉండాలని ఎందుకు పట్టుబట్టరంటే, వీఎఫ్‌లో అలలు చిన్నవీ పెద్దవీ కలిసి వస్తాయి. చిన్న అలలు కొన్ని మెషిన్‌కి అందవు. అవి అందలేదని లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే మనిషి దక్కడు.

పరుగెత్తినా, మెట్లెక్కినా వేగం పెరుగుతుంది కదా, అప్పుడు కొట్టదా?

మీ వేగం జోన్ గీత దాటకపోతే అసలు పట్టించుకోదు. దాటినా, వీటీ జోన్‌లో చాలా మెషిన్లు ఇంకో సంగతి చూస్తాయి. పెరగడం మెల్లగా జరిగిందా, ఉన్నట్టుండి జరిగిందా?

మెట్లెక్కుతుంటే ఎడాలు ఇలా తగ్గుతాయి: 800, 780, 750, 720, 680, 650... జారుడుబల్ల మీద దిగినట్టు. వీటీ మొదలైతే ఇలా ఉంటుంది: 800, 810, 790, 350, 345, 350. గోడ మీంచి దూకినట్టు. ఈ దూకుడును పట్టే పరీక్షని సడన్ ఆన్‌సెట్ అంటాం.

దీనికీ లోటు ఉంది. మనిషి పరుగెడుతూ ఉండగా, వేగం అప్పటికే పెరిగి ఉండగా వీటీ మొదలైతే ఆ దూకుడు చిన్నదిగా కనిపిస్తుంది. పైగా ఎస్‌వీటీల్లో కూడా చాలావరకు ఉన్నట్టుండే మొదలవుతాయి. కాబట్టి ఈ పరీక్ష మామూలు వేగాన్ని పక్కన పెట్టడానికి బాగా పనికొస్తుంది, అంతకుమించి దీన్ని ఒంటరిగా నమ్మడం మంచిది కాదు. కష్టమైన వ్యాయామం చేసే అలవాటు ఉంటే మీరు చేరే గరిష్ఠ వేగం ఎంతో చెప్పండి. గీత దానికన్నా పైన ఉండేలా చూస్తారు.

నాకు ఏఎఫ్ ఉంది. దాన్ని వీటీ అనుకోకుండా ఎలా ఉంటుంది?

ఏఎఫ్ అంటే పై గదులు గందరగోళంగా వణకడం. అందులోంచి కొన్ని దెబ్బలు మాత్రమే కిందికి జారతాయి, అవీ ఒక పద్ధతి లేకుండా. ఎడాలు చూస్తే 410, 330, 470, 360, 520 అన్నట్టు ఉంటాయి. వీటీ మామూలుగా గడియారంలా నడుస్తుంది: 350, 350, 345, 350. ఎడాలు ఎంత అటూఇటూ అవుతున్నాయో కొలిచి, ఎక్కువ చెదిరితే ఏఎఫ్ అని ఊరుకుంటుంది. దీని పేరు స్టెబిలిటీ.

చిక్కు ఎక్కడంటే, ఏఎఫ్ బాగా వేగం అందుకున్నప్పుడు ఆ ఎడాల తేడాలు కూడా కుంచించుకుపోయి లయ క్రమంగా ఉన్నట్టే అనిపిస్తుంది. అటువైపు లయకోసం వాడే కొన్ని మందులు వీటీని కాస్త ఒడిదుడుకులుగా మార్చగలవు. అంటే మందు మారినప్పుడు మెషిన్ సెట్టింగు కూడా మరోసారి చూడాలి. కొత్త మందు మొదలుపెడితే డివైస్ క్లినిక్‌లో ఒక మాట చెప్పడం మరవకండి.

అల ఆకారం పోల్చి చూస్తుందట, నిజమేనా?

నిజమే. ఒక్క లీడే ఉన్న మెషిన్లలో నేను ఎక్కువ విలువ ఇచ్చే పరీక్ష ఇదే. గుండె మామూలుగా కొట్టుకునేటప్పుడు ఆ అల ఎలా ఉందో మెషిన్ ఒక అచ్చు తీసి దాచుకుంటుంది. దీన్ని టెంప్లేట్ అంటాం. దడ వచ్చినప్పుడు ఒక్కో దెబ్బనీ ఆ అచ్చు మీద పెట్టి పోలుస్తుంది. దడ పైనుంచి వస్తే కరెంటు మామూలు దారిలోనే కిందికి దిగుతుంది, ఆకారం కలుస్తుంది. వీటీ అయితే కింది గది కండరంలోనే ఎక్కడో మొదలై అడ్డదారిన పాకుతుంది, ఆకారం మారిపోతుంది. అచ్చుతో ఇంత శాతం కలిస్తే ఎస్‌వీటీ అన్న గీత ఉంటుంది. దాన్నీ మార్చుకోవచ్చు.

పొరబడే చోట్లు మూడు ముఖ్యమైనవి. కొందరిలో వేగం పెరగ్గానే మామూలు దారిలో ఒక కొమ్మ మూసుకుపోతుంది. దడ పైనుంచే వచ్చినా ఆకారం మాత్రం వీటీలా తయారవుతుంది. రెండోది, అచ్చు పాతబడటం. గుండెపోటు వచ్చాక, లీడ్ కొత్తగా పెట్టాక కొన్ని వారాల్లో అల మారుతుంది. చాలా మెషిన్లు అచ్చును వాటంతటవే సరిచూసుకుంటాయి, అయినా చెకింగ్‌లో ఒకసారి చూడటం మంచిది. మూడోది, అల మరీ పెద్దదై పైభాగం తెగిపోయి నమోదవడం. తలలేని బొమ్మను తలున్న బొమ్మతో పోల్చినట్టు అవుతుంది.

పై గదిలో కూడా వైరు ఉంటే తేడా బాగా తెలుస్తుందా?

తెలుస్తుంది, కొన్ని సందర్భాల్లో అద్భుతంగా తెలుస్తుంది. పైన ఎన్ని దెబ్బలు, కింద ఎన్ని దెబ్బలు అని రెండూ లెక్కపెట్టొచ్చు. కింద 180, పైన 80 అయితే ఇక వాదనే లేదు, అది వీటీ. పైన లేని వేగం కింద ఉందంటే అది కిందే పుట్టింది. వీటీల్లో ఎక్కువ భాగం ఇలా ఒక్క చూపులో తేలిపోతాయి.

పైన ఎక్కువ, కింద తక్కువ అయితే ఏఎఫ్, లేదా పై గదులు ఒక క్రమంలో అతివేగంగా కొట్టుకునే ఫ్లటర్ అనుకోవచ్చు. కానీ ఏఎఫ్ ఉన్న మనిషికి అదే సమయంలో వీటీ కూడా రాకూడదని ఏమీ లేదు. అందుకే అక్కడ ఆకారం, క్రమం కూడా చూడాలి.

అసలు కష్టం పైనా కిందా సమానంగా ఉన్నప్పుడు. పైనుంచి ఒక్కో దెబ్బా కిందికి దిగుతుండవచ్చు, లేదా కింద పుట్టిన వీటీ ఒక్కో దెబ్బనీ వెనక్కి పైకి పంపుతుండవచ్చు. రెండింటిలోనూ లెక్క ఒకటే. అప్పుడు మెషిన్లు మొదలు ఎక్కడైందో చూస్తాయి, పై దెబ్బకీ కింది దెబ్బకీ మధ్య సమయం స్థిరంగా ఉందా అని చూస్తాయి, ఆకారం చూస్తాయి. ఒక్కో కంపెనీ ఈ ప్రశ్నలను ఒక్కో వరసలో పేర్చింది, అందుకే ఒకే గుండె మీద రెండు మెషిన్లు రెండు తీర్పులు ఇవ్వగలవు.

ఇదంతా పై వైరు సరిగ్గా వింటేనే. ఏఎఫ్‌లో పై అలలు సన్నబడి అందకపోతే పైన తక్కువ ఉన్నట్టు లెక్క వచ్చి ఏఎఫ్ కాస్తా వీటీ అనిపించుకుంటుంది. కింది గది అల పైకి వినిపించి రెండుసార్లు లెక్కపడితే వీటీ కాస్తా ఏఎఫ్ అనిపించుకుంటుంది. ఈ రెండోది మరీ ప్రమాదం. కేవలం తేడా పట్టడం కోసమే రెండో వైరు పెట్టించుకోమని నేను చెప్పను. పై గదికి పేసింగ్ అవసరం ఉంటే అది వేరే సంగతి.

షాక్ లేకుండా చిన్న పల్స్‌లతో కూడా ఆపుతుందంటారు, అది ఏమిటి?

దాన్ని ఏటీపీ అంటాం. వీటీ ఎక్కువగా గుండె కండరంలో పడిన ఒక మచ్చ చుట్టూ గానుగెద్దులా తిరిగే కరెంటు. దానికన్నా కాస్త వేగంగా కొన్ని పల్స్‌లు పంపితే ఆ తిరుగుడు దారిలో అడ్డం పడి ఆగిపోతుంది. సాధారణంగా వాడే ఒక పద్ధతి, వీటీ ఎడంలో 88 శాతం ఎడంతో వరసగా 8 పల్స్‌లు. నొప్పి ఉండదు, చాలామందికి తెలియనే తెలియదు. నిమిషానికి 188 నుంచి 250 దాకా ఉండే వేగవంతమైన వీటీల్లో కూడా పదింట ఏడు దాకా దీంతో ఆగుతాయని 2004లో వచ్చిన పెయిన్‌ఫ్రీ రెండో అధ్యయనం చూపించింది.

ఏటీపీ చికిత్సే కాదు, పరీక్ష కూడా. పల్స్‌లు ఆగగానే ఏ గది ముందు పలికిందన్నది చూస్తే దడ ఎక్కడిదో ఆనవాలు దొరుకుతుంది. కింద, పైన, కింద అన్న వరసలో వస్తే ఒక అర్థం. కింద, పైన, పైన, కింద అని వస్తే దడ పై గదిదని గట్టి సూచన.

వీఎఫ్ జోన్‌లో కూడా ఇవన్నీ అడుగుతూ కూర్చుంటుందా?

కూర్చోదు. డాక్టరు పెట్టిన ఒక వేగం దాటాక ఆకారం, క్రమం, మొదలు ఏవీ అడగదు. తప్పుగా ఒక షాక్ తగిలితే మనిషి బతికే ఉంటాడు. తగలాల్సింది తగలకపోతే ఉండడు. ఈ మొగ్గు కావాలని పెట్టినదే.

గుర్తుపట్టాక షాక్ వచ్చేదాకా ఎంతసేపు?

దెబ్బల లెక్క పూర్తయ్యాక మెషిన్ షాక్‌కి కావాల్సిన కరెంటును నిల్వచేసే కెపాసిటర్‌ని ఛార్జి చేసుకోవాలి. దానికి దాదాపు 8 నుంచి 10 సెకన్లు పడుతుంది, బ్యాటరీ పాతబడితే ఇంకాస్త ఎక్కువ. వదిలే ముందు దడ ఇంకా ఉందా అని మరోసారి చూస్తుంది. ఈలోగా ఆగిపోయి ఉంటే మామూలుగా ఆ కరెంటును మీకు తగలనివ్వకుండా లోపలే వదిలేసుకుంటుంది.

## షాక్ తగిలాక

షాక్ కొట్టిన వెంటనే ఏం చెయ్యాలి?

కూర్చోండి, వీలైతే పడుకోండి. ఒక్కటే తగిలి, తర్వాత మామూలుగా ఉంటే అదే రోజు డివైస్ క్లినిక్‌కి ఫోన్ చెయ్యండి. కొద్దిసేపట్లో రెండు లేదా అంతకన్నా ఎక్కువ తగిలినా, ఒక్కటే తగిలినా కళ్లు తిరగడం, ఛాతీనొప్పి, ఆయాసం ఉన్నా ఎమర్జెన్సీకి వెళ్లాలి. సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లొద్దు. 24 గంటల్లో మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు వీటీ, వీఎఫ్ రావడాన్ని ఎలక్ట్రికల్ స్టార్మ్ అంటారు, అది ఆసుపత్రిలో చూడాల్సిన పరిస్థితి.

షాక్ సమయంలో మిమ్మల్ని ఎవరైనా పట్టుకుని ఉంటే వాళ్లకి చురుక్కుమనవచ్చు, హాని జరగదు. మీరు పడిపోయి స్పందించకపోతే వాళ్లు ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. మెషిన్ ఉంది కదా అని ఆగకూడదు.

నేను హాయిగా కూర్చుని ఉన్నాను, ఏమీ కాలేదు. మరెందుకు కొట్టింది?

ఏమీ కాలేదని మనకి అనిపించడం ఒకటి, నిజంగా కాకపోవడం ఇంకొకటి. కొందరికి వీటీ వచ్చినా పది, పదిహేను సెకన్లు ఏమీ తెలియదు. కాబట్టి రికార్డు చూడకుండా అనవసర షాక్ అని ముద్ర వేసుకోకండి.

రికార్డు చూశాక నిజంగా అనవసరమే అని తేలితే, ఎక్కువగా కనిపించే కారణం వేగంగా నడిచిన ఏఎఫ్ లేదా మరో ఎస్‌వీటీ. తర్వాత లీడ్ దెబ్బతిని వచ్చే గోల. తర్వాత ఒకే దెబ్బను రెండుగా లెక్కపెట్టడం. బయటి కరెంటు కూడా అరుదుగా కారణం అవుతుంది. సరిగ్గా ఎర్తింగ్ లేని పరికరాన్ని తాకినా, లీకేజీ ఉన్న నీళ్లలో దిగినా ఆ కరెంటు కంపనాన్ని వీఎఫ్ అనుకోగలదు. రికార్డులో అది రంపపు పళ్లలా సమానంగా కనిపిస్తుంది కాబట్టి చూసినవాళ్లకి వెంటనే తెలుస్తుంది. షాక్ తగిలినప్పుడు చేతిలో ఏముంది, ఎక్కడ నిలబడ్డారు అన్నది గుర్తుపెట్టుకుని చెప్పండి.

లీడ్ విరిగిందని షాక్ కొట్టింది అన్నారు. వైరు విరిగితే గుండె వేగం ఎలా పెరుగుతుంది?

గుండె వేగం పెరగలేదు. లోపల తెగిన పోగులు మీ కదలికకి ఒకదానికొకటి రాసుకుని గరగరమంటాయి, మెషిన్ ఆ గరగరను అలలుగా లెక్కపెడుతుంది. ఎడాలు 130 మిల్లీసెకన్లు, అంతకన్నా తక్కువ కూడా పడతాయి. 130 అంటే నిమిషానికి 460 పైమాటే. కింది గది అలా వరసగా కొట్టుకోవడం అసాధ్యం కాబట్టి ఇలాంటి ఎడాలు పోగుపడుతుంటే కొత్త మెషిన్లు ముందే పసిగట్టి శబ్దం చేస్తాయి లేదా క్లినిక్‌కి సందేశం పంపుతాయి. లీడ్ నిరోధం ఒక్కసారిగా మారడం ఇంకో గుర్తు.

మీ ఛాతీలోంచి బీప్ వినిపిస్తే అదే రోజు ఫోన్ చెయ్యండి. రేపు చెకింగ్ ఉంది కదా అని ఆగొద్దు.

ఒకే దెబ్బను రెండు అనుకోవడం ఏమిటి?

ప్రతి దెబ్బకీ ముందు ఒక పదునైన అల, వెనక గుండె సర్దుకునేటప్పుడు ఒక మెత్తని అల వస్తాయి. రెండోదాని పేరు టీ వేవ్. పదునైన అల చిన్నదిగా, మెత్తనిది పెద్దదిగా ఉన్నప్పుడు మెషిన్ రెండింటినీ లెక్కపెడుతుంది. నిమిషానికి 95 ఉన్న గుండె 190లా కనిపిస్తుంది. రికార్డులో ఒక పొడుగు, ఒక పొట్టి, ఒక పొడుగు, ఒక పొట్టి అని తేలిపోతుంది. మెషిన్ అలలను వినే తీరును, అంటే సెన్సింగ్ సెట్టింగును మార్చి చాలాసార్లు సరిచెయ్యొచ్చు.

మళ్లీ తప్పుడు షాక్ రాకుండా చెయ్యగలరా?

పూర్తిగా రాదని మాట ఇవ్వలేం, కానీ బాగా తగ్గించొచ్చు. 2012లో వచ్చిన మాడిట్-ఆర్‌ఐటీ అధ్యయనం ఈ విషయంలో మా పనినే మార్చింది. అందులో 1,500 మంది. అప్పటిదాకా వీటీ ఎప్పుడూ రాని, ముందుజాగ్రత్తగా ఐసీడీ పెట్టించుకున్నవాళ్లు. ఒక వర్గానికి వేగం నిమిషానికి 200 దాటితేనే, అదీ రెండున్నర సెకన్లు ఆగాకే చికిత్స ఇచ్చేలా పెట్టారు. ఇంకో వర్గానికి 170 దగ్గరే గమనిస్తూ, 60 సెకన్లు ఓపిక పట్టేలా పెట్టారు. పాత పద్ధతిలో పెట్టినవాళ్లతో పోలిస్తే ఈ రెండు వర్గాల్లోనూ అనవసర చికిత్సలు బాగా తగ్గిపోయాయి, మొదటి వర్గంలో మరణాలూ స్పష్టంగా తగ్గాయి. తొందరపడి కొట్టే చాలా దడలు వాటంతటవే ఆగిపోయేవని అర్థమైంది.

ఆ అంకెలు అందరికీ అతకవు. ఇంతకుముందు 160 వేగంతో వీటీ వచ్చినవారికి గీత 200 దగ్గర పెడితే వాళ్ల వీటీ కిందుగా జారిపోతుంది. మీ రోగాన్ని బట్టి గీత గీయాలి. సెట్టింగులతో పాటు ఏఎఫ్ వేగాన్ని తగ్గించే మందులు, అవసరమైతే దడ పుట్టే చోటును కాల్చి ఆపే అబ్లేషన్ కూడా దారులే.

అయస్కాంతం పెడితే షాక్ ఆగిపోతుందా?

చాలా ఐసీడీల మీద బలమైన అయస్కాంతం పెట్టినంతసేపూ వీటీ, వీఎఫ్ గుర్తింపు ఆగుతుంది, తీస్తే మళ్లీ మొదలవుతుంది. ఆసుపత్రిలో వరస అనవసర షాక్‌లు ఆపడానికి, మానిటర్ పెట్టి, చేతికందేలా బయటి షాక్ మెషిన్ ఉంచుకుని చేసే పని ఇది. సొంతంగా చెయ్యకండి. ఇదే కారణంతో లోపల అయస్కాంతాలు ఉన్న ఫోన్లను, ఛార్జర్లను ఛాతీ జేబులో పెట్టొద్దు, మెషిన్‌కి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి.

## చెకింగ్‌లో, రిపోర్టులో

కాగితం మీద ఆ గీతలు నాకు అర్థమవుతాయా?

అవుతాయి. అడిగి చూడండి. రెండు లీడ్లు ఉంటే సాధారణంగా పై వరస కర్ణిక, రెండో వరస జఠరిక, అడుగున అక్షరాలు, అంకెలు. అక్షరాలు కంపెనీని బట్టి మారతాయి. అంకెలు ఎడాలు, మిల్లీసెకన్లలో.

ఒక వీటీ రికార్డు ఇలా ఉంటుంది. పై వరసలో సన్నని ముల్లులు నింపాదిగా, 710, 700, 705. కింది వరసలో మొదట అవీ అలాగే, ఒక్కో పై ముల్లు వెనకే ఒక్కో కింది ముల్లు. ఉన్నట్టుండి కింద 340, 340, 335. ముల్లు వెడల్పవుతుంది, ఆకారం మారుతుంది. పైన మాత్రం అదే 705, 700, తనకేమీ పట్టనట్టు. తర్వాత కింద ఎనిమిది పల్స్‌ల గుర్తులు వరసగా. ఒక చిన్న ఖాళీ. మళ్లీ పైన ఒకటి, కింద ఒకటి. అదంతా పది, పన్నెండు సెకన్ల కాగితం. ఆ సమయంలో మీరు టీవీ చూస్తూ ఉండి ఉంటారు.

పేస్‌మేకర్ చెకింగ్‌లో ఏఎఫ్ ఉందన్నారు. నాకేమీ తెలియలేదే?

పై గదిలో లీడ్ ఉన్న పేస్‌మేకర్ అక్కడి వేగం ఒక గీత దాటితే దాన్ని రాసుకుంటుంది, ఆ వేగాన్ని కిందికి అంటించకుండా పద్ధతి మార్చుకుంటుంది. దీన్ని మోడ్ స్విచ్ అంటాం. ఇలా దొరికిన ఏఎఫ్‌లో చాలావరకు మనిషికి తెలియదు. 2012లో వచ్చిన అసర్ట్ అధ్యయనం 2,580 మందిని చూసింది. మొదటి మూడు నెలల్లో ఆరు నిమిషాలు దాటిన పై గది దడ కనిపించినవాళ్లలో పక్షవాతం ముప్పు సుమారు రెండున్నర రెట్లు.

అంత మాత్రాన అందరికీ రక్తం పలచబరిచే మందు అని కాదు. 2023లో వచ్చిన ఆర్టీసియా అధ్యయనంలో ఇలాంటివారికి అపిక్సబాన్ అనే అలాంటి మందు ఇస్తే పక్షవాతం తగ్గింది, పెద్ద రక్తస్రావాలు పెరిగాయి. వయసు, బీపీ, షుగరు, ఆ దడ ఎన్ని గంటలుంది అన్నవి కలిపి డాక్టరు తూచి చెప్పాలి. ముందు ఆ రికార్డు నిజంగా ఏఎఫ్‌దేనా, కింది గది అల పైకి వినిపించి లెక్కపడిందా అన్నది ఒకరు కంటితో చూడాలి.

లూప్ రికార్డర్ ఏఎఫ్ అని చూపించింది, డాక్టరు కాదన్నారు. ఎవరిని నమ్మాలి?

రికార్డు చూసిన డాక్టరునే. లూప్ రికార్డర్‌కి గుండె లోపల లీడ్ లేదు. అది ప్రధానంగా ఎడాల చెదురుని చూసి ఏఎఫ్ అని అనుమానిస్తుంది. మధ్యమధ్యలో ముందుగా వచ్చే అదనపు దెబ్బలు కూడా ఎడాలను అలాగే చెదరగొడతాయి. అలాగే అల కాసేపు సన్నబడి అందకపోతే గుండె ఆగిందని రాస్తుంది. అనుమానం రాసిపెట్టడమే దాని పని. తీర్పు చెప్పేది మనిషి.

గుండెలో వైరు లేకుండా చర్మం కింద పెట్టే ఐసీడీ తేడా ఎలా పడుతుంది?

దాన్ని ఎస్-ఐసీడీ అంటారు. అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. రొమ్ము ఎముక పక్కన చర్మం కింద ఉన్న వైరు నుంచి మూడు కోణాల్లో ఒకదాన్ని ఎంచుకుని, దాదాపు ఈసీజీ లాంటి అలను చూస్తుంది. రెండు జోన్లు పెడితే కింది జోన్‌లో ఆకారం పోల్చి ఎస్‌వీటీని వదిలేస్తుంది, పై జోన్‌లో వేగాన్నే నమ్ముతుంది. టీ వేవ్‌ను రెండో దెబ్బ అనుకునే బెడద ఇందులో ముఖ్యం కాబట్టి పెట్టే ముందు పడుకోబెట్టి, నిలబెట్టి ఈసీజీతో సరిపడతారో లేదో పరీక్షిస్తారు. షాక్ 80 జౌల్స్. ఏటీపీ ఇవ్వలేదు, కాబట్టి వీటీ తరచూ వచ్చేవారికి ఇది సరైన ఎంపిక కాకపోవచ్చు.

ఒకసారి పెట్టిన సెట్టింగులు ఇక మారవా?

మారతాయి, మార్చాలి కూడా. కొత్త మందు, కొత్త గుండెపోటు, కొత్తగా ఏఎఫ్, అబ్లేషన్, ఒక్క షాక్, వీటిలో ఏది జరిగినా మళ్లీ చూడాలి. ఎంఆర్ఐ కోసం షాక్ ఆపినప్పుడు, బయటికి వచ్చాక మళ్లీ ఆన్ చేశారా అని మీరే అడగండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రతి చెకింగ్‌లో ఈ అంకెలు ఒక చీటీ మీద రాయించుకోండి. నా వీటీ జోన్ ఎక్కడ మొదలు, వీఎఫ్ జోన్ ఎక్కడ మొదలు, ఎన్ని దెబ్బలు లేక ఎన్ని సెకన్లు ఆగుతుంది, ఏటీపీ ఆన్‌లో ఉందా, ఎస్‌వీటీ పరీక్షలు ఏవి ఆన్‌లో ఉన్నాయి, పోయినసారి నుంచి ఏం మార్చారు. డివైస్ కార్డుతో పాటు ఆ చీటీ కూడా పర్సులో ఉంచండి.